చర్చిలో పొదుపు సంఘం ఎలా నడపాలి? దానంతో ఆగకుండా పేదరికంపై పనిచేసే పద్ధతి

సరుకుల మూట ఇస్తే ఆ నెల గడుస్తుంది. వచ్చే నెల అప్పులవాడు మళ్లీ అదే గుమ్మం ముందు ఉంటాడు. 2 రాజులు 4వ అధ్యాయంలో విధవరాలి పరిస్థితి ఇదే: అప్పు కింద ఆమె ఇద్దరు కొడుకులను దాసులుగా పట్టుకుపోవడానికి మనిషి వచ్చాడు. ప్రవక్త ఎలీషా డబ్బు చేతిలో పెట్టలేదు. నీ ఇంట్లో ఏముందని అడిగాడు. ఉన్నది ఒక్క నూనెకుండ. ఇరుగుపొరుగు దగ్గర పాత్రలు అరువు తెచ్చుకుంది, ఆ కుండలోని నూనెతోనే అవన్నీ నిండాయి, ఆ నూనె అమ్మింది, అప్పు తీర్చింది, మిగిలినదానితో బతికింది. కింది పద్ధతికి మూలం ఆ ప్రశ్నే.

ఒక్క మాట ముందే చెప్పాలి. ఇల్లు కాలినా, వరద వచ్చినా, మనిషి మంచాన పడ్డా లెక్కలు అడగకుండా వెంటనే ఇవ్వండి. ఆ మనిషి కోలుకున్నాక కూడా అలాగే ఇస్తూ పోవడమే చిక్కు.

1. ఉన్నది అడగండి

ఇంటింటికీ వెళ్లి నాలుగు సంగతులు రాసుకోండి: చేతిలో ఉన్న పని, ఉన్న పనిముట్లు, ఏ నెలల్లో డబ్బు వస్తుంది, అప్పు ఎవరి దగ్గర ఎంత వడ్డీకి ఉంది. "మీకేం కావాలి?" అని మొదలుపెడితే చర్చి ఏం ఇవ్వగలదో ఊహించి అదే చెబుతారు. అసలు సంగతి బయటికి రాదు.

2. సభ్యులు

15 నుంచి 25 మంది చాలు. ఒకరినొకరు ఎరిగినవాళ్లు తామే ఎంచుకోవాలి, పాస్టరు జాబితా ఇవ్వకూడదు. ఇతర మతాలవారినీ రానివ్వండి. ఆరాధనకు వస్తేనే అప్పు అనే షరతు పెడితే విశ్వాసం బేరమైపోతుంది. అధ్యక్షులు, లెక్కలు రాసేవారు, పెట్టె దాచేవారు, డబ్బు లెక్కపెట్టే ఇద్దరు: ఈ ఐదుగురిని ఓటుతో ఎన్నుకోండి. పాస్టరు గానీ ఆయన కుటుంబం గానీ ఈ పదవుల్లో ఉండకూడదు. పాస్టరు ముందు కాదనడం సభ్యులకు కష్టం, అప్పు అడిగినవారిని కాదనడం పాస్టరుకు ఇంకా కష్టం.

3. పెట్టె

ఇనప పెట్టెకు మూడు తాళాలు, తాళంచెవులు ముగ్గురి దగ్గర. ఆ ముగ్గురూ పై ఐదుగురిలో వాళ్లు కాకూడదు. పెట్టె తెరిచేది సమావేశంలో, అందరి కళ్లముందు మాత్రమే. చివర్లో మిగిలిన నగదు పైకి లెక్కపెట్టి, ఆ అంకెను అందరిచేత చెప్పించండి. మళ్లీ కలిసినప్పుడు పుస్తకం తెరవకముందే ఆ అంకె సభ్యులే చెప్పాలి. చదువు రానివారికి ఇదే ఆడిట్.

4. వారం వారం పొదుపు

ఒక్కొక్కరు వారానికి ఒకటి నుంచి ఐదు వాటాలు కొనవచ్చు. అందరికంటే పేద సభ్యురాలు ప్రతి వారం తప్పకుండా ఒకటి కొనగలిగేంత తక్కువ ధర పెట్టండి. ఐదు దాటనివ్వకండి, దాటితే డబ్బున్నవాళ్ల మాటే చెల్లుతుంది. పాస్‌పుస్తకంలో అంకెలకు బదులు వాటాకొక ముద్ర వేయండి. ముద్రలు ఎవరైనా లెక్కపెట్టుకోగలరు.

5. అప్పులు

మొదటి 12 వారాలు పొదుపే. తర్వాత సభ్యుడు దాచినదానికి మూడింతల వరకు, మూడు నెలల గడువుతో ఇవ్వవచ్చు. దేనికోసమో అందరి ముందూ చెప్పాలి.

ఈ అప్పులపై వడ్డీ ఉంటుంది. ఆ సంగతి చాలామంది విశ్వాసులను ఇబ్బంది పెడుతుంది, పెట్టాలి కూడా. పేదవాడి దగ్గర వడ్డీ తీసుకోవద్దని నిర్గమకాండము 22:25 స్పష్టంగా చెబుతుంది. ఇక్కడ వడ్డీ బయటివాడి జేబులోకి పోదు, ఏడాది చివర సభ్యులకే తిరిగి వస్తుంది. అయినా ఆ ఆజ్ఞ బరువు తగ్గించకండి. వేరే సంచిలో ఆపద్ధర్మ నిధి పెట్టి, వారం వారం అందరూ సమానంగా కొంచెం వేయండి. జబ్బుకు, చావుకు అందులోంచి వడ్డీ లేకుండా ఇవ్వాలి.

6. పంపకం

9 నుంచి 12 నెలలకు అప్పులన్నీ వసూలుచేసి పెట్టె ఖాళీ చేయండి. లెక్క ఇలా: వాటా ధర 50 రూపాయలు, ఏడాదిలో అమ్మిన వాటాలు 1,800 అనుకుందాం. పొదుపు 90,000. వడ్డీ 10,800 వస్తే మొత్తం 1,00,800. దాన్ని 1,800తో భాగిస్తే వాటా విలువ 56. 100 ముద్రలున్నవారికి 5,600. చివరి మూడు నెలల్లో కొత్త అప్పులు ఇస్తే పంపకం రోజుకు డబ్బు చేతికి రాదు, సంఘం అక్కడే విడిపోతుంది.

ఎక్కడ చెడుతుంది

అన్నిటికంటే పెద్ద తప్పు, చర్చి తన కానుకల డబ్బు పెట్టెలో వేయడం. పొరుగింటామె దాచిన డబ్బు ఎగ్గొట్టడానికి ఎవరికైనా మనసు రాదు. చర్చి ఇచ్చింది అనగానే అది తిరిగి ఇవ్వనక్కర్లేని డబ్బు అవుతుంది. జర్మనీలో క్రైస్తవ విశ్వాసంతో ఈ పనికి దిగిన ఫ్రీడ్రిష్ విల్‌హెల్మ్ రైఫైజెన్ మొదట ధనవంతుల సాయంతో సహాయ సంఘాలు నడిపాడు. అవి నిలవవని తెలుసుకుని 1864లో హెడ్డెస్‌డోర్ఫ్‌లో సభ్యులే బాధ్యత వహించే పరపతి సంఘం పెట్టాడు. చర్చి ఖర్చు పెట్టదలిస్తే పెట్టెకు, పుస్తకాలకు, లెక్కలు నేర్పడానికి పెట్టాలి.

పొదుపుతో తీరనివి కొన్ని ఉంటాయి. కూలి ఎగ్గొట్టే యజమాని, లాక్కున్న భూమి, తీర్చలేని వడ్డీ. నెహెమ్యా గ్రంథం 5వ అధ్యాయంలో, యూదుల అధిపతి నెహెమ్యా పేదలకు ఓపిక బోధించలేదు. అప్పిచ్చిన పెద్దలను సమాజం ముందు నిలబెట్టి పొలాలు, ఇళ్లు, వడ్డీ తిరిగి ఇప్పించాడు. అందుకే సమావేశం చివర పది నిమిషాలు దీనికే ఉంచండి: ఎవరికి కూలి బాకీ ఉంది, ఎన్ని రోజులది, సాక్షి ఎవరు. తేదీతో సహా రాసి, చర్చి పెద్దలు ఇద్దరు ఆ సభ్యుడితో కలిసి యజమాని దగ్గరకు వెళ్లాలి. ఆ యజమాని చర్చికి పెద్ద కానుకలిచ్చేవాడైనా సరే.