సెకండ్ హ్యాండ్ బండికి ఏ సైలెన్సర్: కంపెనీదా, బయటిదా?

బయటి సైలెన్సర్ వేసిన బండిని బేరం చేస్తుంటే ముందు ఒక్క మాట అడగండి: దీని కంపెనీ సైలెన్సర్ ఏది? ఇంట్లో అటక మీద ఉందంటే, తెప్పించి కళ్లతో చూసేదాకా అడ్వాన్సు ఇవ్వొద్దు. అమ్మేశానంటే, షోరూమ్ స్పేర్‌పార్ట్స్ కౌంటర్‌లో ఆ మోడల్ సైలెన్సర్ ధర కనుక్కుని, ప్యాకింగ్ రింగు (పొగ లీకవకుండా అతుకులో వేసేది), క్లాంపు, నట్లతో సహా ఆ మొత్తాన్ని చెప్పిన రేటులోంచి కొట్టేసి అక్కడ బేరం మొదలుపెట్టండి. "పదివేలు పెట్టి వేయించాను" అని అమ్మేవాళ్లు పైకి లెక్క చెబుతారు. కొనేవాడికి అది కింది లెక్క.

నంబరు ప్లేటు చూస్తే సగం సంగతి తెలుస్తుంది. ఏపీ 26 నెల్లూరు, ఏపీ 27 ప్రకాశం. 2019 నుంచి జిల్లాల నంబర్లు పోయి రాష్ట్రమంతటికీ ఏపీ 39 వచ్చింది. బండి పొగకు పెట్టిన కాలుష్య ప్రమాణాల్లో బీఎస్ 6 తప్పనిసరి అయింది 2020 ఏప్రిల్ 1న. అంటే ఏపీ 26, ఏపీ 27 బండి దాదాపు ఖాయంగా బీఎస్ 4 లేదా అంతకు ముందుది. యమహా ఆర్15 లాంటి కొన్ని ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్లను వదిలేస్తే కార్బురేటర్ బండే. ఏపీ 39 అయితే రెండిట్లో ఏదైనా కావచ్చు కాబట్టి ప్రభుత్వ ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి ఎమిషన్ నార్మ్స్ దగ్గర ఏముందో చూడండి. పనిలో పనిగా పెండింగ్ చలానాలు కూడా చూసుకోండి. సైలెన్సర్ సౌండు మీద చలానా పడిన బండి అయితే ఆ పాతబాకీ మీ నెత్తికి రాకుండా ముందే కట్టించండి.

ఇదంతా ఎందుకంటే, కార్బురేటర్ బండికి సైలెన్సర్ మారిస్తే స్క్రూడ్రైవర్‌తో, జెట్టుతో (కార్బురేటర్‌లో పెట్రోలును కొలిచి వదిలే చిన్న రంధ్రపు ముక్క) సరిచేసుకోవచ్చు. బీఎస్ 6 బండిలో బెండ్ పైపు (ఇంజిన్ నుంచి సైలెన్సర్‌కు వచ్చే వంపు గొట్టం) మీద ఆక్సిజన్ సెన్సార్, పైపు లోపలో సైలెన్సర్ లోపలో పొగలోని విషాన్ని తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ ఉంటాయి. అక్కడ పొరపాటు చేస్తే ఖర్చు తడిసి మోపెడవుతుంది.

ఉప్పుగాలి బండ్లు

మన దగ్గర సైలెన్సర్‌ని తినేది ముందు ఉప్పే. మైపాడు, ఇందుకూరుపేట, ముత్తుకూరు, కొత్తపట్నం వైపు రొయ్యల గుంటల గట్ల మీద తిరిగిన బండికీ, పొదిలి, కనిగిరి పక్క తిరిగిన బండికీ వయసు ఒకటే అయినా సైలెన్సర్ వయసు ఒకటి కాదు. గుంటల దగ్గర తిరిగిన బండిని పక్క స్టాండు మీద చూసి వదిలేయకుండా, సెంటర్ స్టాండు వేసి, కింద కూర్చుని టార్చి లైటుతో చూడండి.

చూడాల్సిన చోట్లు మూడు. బెండ్ పైపు ఇంజిన్ కిందికి వంగే అడుగుభాగం: ముందు చక్రం కొట్టే ఉప్పుబురద అక్కడే ఎండిపోతుంది. పైపు సైలెన్సర్‌లో కలిసే వెల్డింగ్ అతుకు. వెనక ఫుట్‌రెస్టు దగ్గర వేలాడదీసే బ్రాకెట్. స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా నొక్కండి. పైన ఎర్రగా రాలిపోయి కింద గట్టిగా తగిలితే పైతుప్పు, గరుకు కాగితానికి పోతుంది. మొన దిగబడితే ఆ సైలెన్సర్ పని అయిపోయినట్టే. అమ్మడానికి ముందు నల్ల రంగు కొట్టించడం మామూలే కాబట్టి, రంగు కొత్తగా మెరుస్తుంటే ఇంకా గట్టిగా నొక్కండి.

లోపలి తుప్పు కంటికి కనబడదు. పెట్రోలు మండితే నీటి ఆవిరి పుడుతుంది. ఇంటి నుంచి బజారుకు, బజారు నుంచి ఇంటికి రెండు కిలోమీటర్ల తిరుగుడులో సైలెన్సర్ పూర్తిగా వేడెక్కదు. ఆ ఆవిరి నీరై అడుగున నిలుస్తుంది. చాలా సైలెన్సర్లకు అడుగున రెండు మూడు మిల్లీమీటర్ల రంధ్రం ఉండేది ఆ నీరు కారడానికే. అది మూసుకుపోయి ఉంటే సన్న తీగతో తెరవండి. లీకు అనుకుని దానికి వెల్డింగ్ చుక్క పెట్టించేవాళ్లున్నారు. అలాంటి సైలెన్సర్ లోపలి నుంచి కుళ్లుతుంది. చల్లగా ఉన్నప్పుడు అరచేత్తో తట్టండి. లోపల గలగలమంటే బఫుల్ (సౌండు తగ్గించే లోపలి అడ్డురేకు) ఊడింది. సీసా (సైలెన్సర్ వెనక లావు భాగం) అంతా ఒకేలా బోలుగా మోగితే లోపలి జాలీ, క్యాటలిటిక్ తీసేసి ఉండొచ్చు. అదే మోడల్ ఇంకో బండిని పక్కన పెట్టి తట్టి చూస్తే తేడా తెలిసిపోతుంది. క్యాటలిటిక్‌లో ప్లాటినం, పల్లేడియం, రోడియం ఉంటాయి. కోసి తీసి అమ్ముకోవడానికి అదే కారణం. సైలెన్సర్ చుట్టూ కంపెనీ వెల్డింగ్ కానిది ఇంకో వరస కనిపిస్తే అదే గుర్తు.

బయటి సైలెన్సర్‌తో తిరిగిన ఇంజిన్

బయటి సైలెన్సర్ వేసి, జెట్టు ముట్టుకోకుండా ఏళ్ల తరబడి తోలిన బండిని మళ్లీ కంపెనీ సైలెన్సర్‌లోకి మార్చినా ఇంజిన్‌కు జరిగింది వెనక్కి రాదు. ప్లగ్గు విప్పించండి. మొన ఇటుకరంగు, లేత కాఫీరంగు ఉంటే బాగున్నట్టు. తెల్లగా సున్నం కొట్టినట్టుంటే పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ అయి వేడిగా తిరిగింది. పొడి మసి ఉంటే పెట్రోలు ఎక్కువ. నూనె తడి ఉంటే అది సైలెన్సర్ కథ కాదు. రింగులో, వాల్వు సీళ్లో పోయాయి. ప్లగ్గు కొత్తగా మెరుస్తుంటే ఆ చూపు దేనికీ పనికిరాదు. ఐదు కిలోమీటర్లు ఒకే వేగంతో తోలి, ఇంజిన్ ఆపి, చల్లారాక విప్పి చూడండి.

థ్రాటిల్ వదిలినప్పుడు వెనక టప్ టప్ మంటే వెంటనే "మిక్చర్ (గాలి, పెట్రోలు పాళ్లు) తప్పు" అనొద్దు. చాలా బండ్లలో పొగ తగ్గించడానికి ఎగ్జాస్ట్ పోర్టులోకి తాజా గాలి వదిలే వాల్వు ఉంటుంది. తెరిచిన సైలెన్సర్‌లో ఆ గాలికి మిగిలిన పెట్రోలు అంటుకుని పేలుతుంది. బెండ్ పైపు దగ్గర ప్యాకింగ్ లీకైనా అదే చప్పుడు. లీకు తేల్చడం తేలిక: చల్లటి ఇంజిన్ అతుకు చుట్టూ సబ్బునీళ్లు రాసి స్టార్ట్ చేయండి, బుడగలొస్తే లీకే. లేదా మందపాటి గుడ్డతో సైలెన్సర్ మూతిని రెండు మూడు సెకన్లు మూయండి. ఇంజిన్ ఉక్కిరిబిక్కిరై ఆగబోతే అతుకులు బాగున్నాయి. బుస్సుమంటూ తిరుగుతూనే ఉంటే ఎక్కడో పోతోంది.

ఏ బండికి ఏది

వంద, నూటపాతిక సీసీ బండికి బయటి సైలెన్సర్ మా లెక్కలో దండగ. స్ప్లెండర్ లాంటి వాటిలో బెండ్, సైలెన్సర్ ఒకే ముక్క. దాన్ని తీసి ఖాళీ గొట్టం పెడితే సౌండు పెరుగుతుంది, లాగుడు తగ్గుతుంది. "బ్యాక్ ప్రెషర్ పోయింది" అంటారు మెకానిక్‌లు. అసలు పోయేది పీడన తరంగం. పొగ బయటికి పోయేటప్పుడు పుట్టే తరంగం పైపు పొడవును, లావును, లోపలి గదులను బట్టి వెనక్కి తిరిగొస్తుంది. అది సరైన క్షణంలో వాల్వు దగ్గరికి చేరితే సిలిండర్ బాగా నిండుతుంది. కంపెనీ ఆ లెక్కను తక్కువ ఆర్‌పీఎంలో కుదిర్చి పెట్టింది. పాతిక కిలోల మేత బస్తాలు రెండు వేసుకుని గట్టెక్కే బండికి కావాల్సింది ఆ తక్కువ ఆర్‌పీఎం లాగుడే.

350 సీసీ, అంతకు పైన ఉన్న కార్బురేటర్ బండ్లలో బెండ్ పైపు అలాగే ఉంచి వెనక సీసా ఒక్కటే మార్చే స్లిప్-ఆన్ రకం అయితే ఇంజిన్‌కు పెద్దగా చెరుపు లేదు. ఇండోరి, పంజాబ్, గోల్డ్‌స్టార్ పేర్లతో దొరికేవి ఎక్కువగా ఇవే. లోపల బఫుల్ ఉన్నదే తీసుకోండి. బీఎస్ 6 బండికైతే బెండ్‌తో సహా మొత్తం మార్చే ఫుల్ సిస్టమ్ జోలికి పోకండి. అందులో సెన్సార్ దిగే మరల రంధ్రం లేకపోతే కొందరు సెన్సార్‌ను వైరుతో పక్కకు కట్టేస్తారు. బయటి గాలిలోని ఆక్సిజన్ చూసి ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే చిన్న కంప్యూటర్) "పెట్రోలు తక్కువైంది" అనుకుని ఇంకా పోస్తుంది. మైలేజీ పడిపోతుంది, ప్లగ్గు నల్లబడుతుంది, మీటర్‌లో ఇంజిన్ లైటు వెలుగుతుంది.

రేకు సంగతి. అయస్కాంతం అంటుకుంటే ఇనుము, అంటుకోకపోతే మంచి స్టీలు అని షాపులో చేసి చూపించే పరీక్షను నమ్మొద్దు. కంపెనీలు సైలెన్సర్లకు బాగా వాడే 409 రకం స్టెయిన్‌లెస్ స్టీలుకు అయస్కాంతం అంటుకుంటుంది, అయినా వేడికి నిలుస్తుంది. చవకరకం 202కి పెద్దగా అంటుకోదు, ఉప్పుగాలికి మాత్రం మచ్చలు పడుతుంది. సముద్రం పక్క ఊరైతే 304 రకం స్టెయిన్‌లెస్ అని బిల్లు మీద రాసిస్తేనే కొనండి. మూతి దగ్గర నీలం, ఊదా రంగు ఉంటే టైటానియం అయిపోదు, అది పైపూత. విదేశీ బ్రాండు స్టిక్కర్ ఉండి వెల్డింగ్ గడ్డలు కట్టి ఉంటే స్టిక్కర్‌ని కాకుండా గడ్డల్ని నమ్మండి.

గ్లాస్ ఊల్ నింపిన రకమైతే ఆ ఊలు కాలి, కొట్టుకుపోతుంది. సౌండు పదునెక్కి, సీసా పైరేకు మునుపటికన్నా ఎక్కువ కాలుతుంటే మళ్లీ నింపించాలి. రివెట్లు కొట్టిన సీసాని విప్పొచ్చు, పూర్తిగా వెల్డింగ్ చేసినదాన్ని కోయాల్సిందే; కొనేటప్పుడే ఇది చూసుకోండి.

చట్టం

కొత్త బండ్ల తయారీలో సౌండు పరిమితి 80 సీసీ దాకా 75 డెసిబెల్స్, 80 నుంచి 175 సీసీ దాకా 77, ఆ పైన 80. ఇది ఏడున్నర మీటర్ల దూరంలో బండి పోతుంటే కొలిచేది. సైలెన్సర్ పక్కన ఫోన్ యాప్ పెట్టి కొలిచి "తక్కువే ఉంది" అని వాదించడానికి లేదు. మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షన్ కింద శబ్ద, కాలుష్య ప్రమాణాలు మీరితే మొదటిసారే మూడు నెలల దాకా జైలు, రూ.10,000 దాకా జరిమానా, లేదా రెండూ. లైసెన్సు మూడు నెలలు పోతుంది. అనుమతి లేకుండా బండిని మార్చినందుకు 182ఏ(4) కింద ఒక్కో మార్పుకు రూ.5,000 వేరే. డీబీ కిల్లర్ (సౌండు తగ్గించడానికి సైలెన్సర్ మూతిలో పెట్టే ముక్క) బిగించినంత మాత్రాన చట్టం ఒప్పుకున్నట్టు కాదు, గొంతు తగ్గుతుందంతే. పీకిన సైలెన్సర్లను పోలీసులు రోడ్ రోలర్ కింద తొక్కిస్తే మళ్లీ కొనాల్సింది కంపెనీదే. ఇన్సూరెన్స్ క్లెయిమ్‌లో సర్వేయర్ బయటి సైలెన్సర్ చూస్తే అడ్డం తిరగడానికి ఒక సాకు దొరుకుతుంది.

మార్చడం

కంపెనీదాన్ని తిరిగి బిగించినా, స్లిప్-ఆన్ వేసినా పని ఒకటే. చెడేది దాదాపు ఎప్పుడూ ఇంజిన్ హెడ్‌లోని స్టడ్డు (బెండ్ పైపు నట్టు ఎక్కే మరల కడ్డీ) దగ్గరే. ఇనుప స్టడ్డు అల్యూమినియం హెడ్‌లో తుప్పు పట్టి బిగుసుకుని ఉంటుంది. బలంగా తిప్పితే విరుగుతుంది. ముందు రోజు సాయంత్రమే నట్ల మీద డబ్ల్యూడీ-40 లాంటి తుప్పు వదిలించే స్ప్రే కొట్టండి, పొద్దున ఇంకోసారి కొట్టండి. చిన్న బండ్లలో ఎం6 (6 ఎంఎం లావు) స్టడ్డుకు 10 ఎంఎం సాకెట్, పెద్ద బండ్లలో ఎం8కి 12 లేదా 13 పడుతుంది. రింగు స్పానరో సాకెట్టో వాడండి, ఓపెన్ స్పానర్ వద్దు. తిరగకపోతే అర చుట్టు బిగువు వైపు, అర చుట్టు వదులు వైపు ఆడిస్తూ తీయండి. విరిగిందా, అక్కడే ఆగండి. మిగిలిన మొండి మీద నట్టు పెట్టి వెల్డింగ్ చేసి తిప్పే లేత్ షాపు మనిషికి అప్పగించండి. డ్రిల్లు పట్టుకుంటే హెడ్డు పాడవుతుంది.

విప్పేటప్పుడు సెన్సార్ ఉంటే ముందు దాని కనెక్టర్ తీయండి. క్లాంపు, వెనక బోల్టు సగం వదులు చేసి, ముందు నట్లు తీసి, సైలెన్సర్‌ని చేత్తో మోస్తూ చివర్లో వెనక బోల్టు లాగండి. పోర్టులో పాత ప్యాకింగ్ రింగు అతుక్కుని ఉంటుంది, మరిచిపోయి దానిమీదే కొత్తది పెడితే లీకు ఖాయం. రింగు ఒకసారి నలిగితే మళ్లీ పనికిరాదు. చిన్న ఖర్చు, కొత్తదే వేయండి.

బిగించేటప్పుడు వరస ముఖ్యం. అన్నీ చేతివేళ్లతో ఎక్కించండి. ముందు రెండు నట్లను మార్చి మార్చి కొంచెం కొంచెంగా బిగించండి: ఎం6కి సుమారు 10 న్యూటన్ మీటర్లు, ఎం8కి 20 చుట్టుపక్కల; బండి మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే అదే. తర్వాత క్లాంపు, ఆఖరున వెనక బోల్టు. వెనకది ముందు బిగిస్తే పైపు వంకరగా లాగబడి, నెల తిరక్కుండా బ్రాకెట్ చీలుతుంది లేదా స్టడ్డు విరుగుతుంది. స్టడ్డు మరలకు కాపర్ గ్రీజు పూస్తే ఇంకోసారి విప్పేవాడు మిమ్మల్ని తిట్టుకోడు. స్టార్ట్ చేసే ముందు పైపు మీది వేలిముద్రల్ని పెట్రోలు గుడ్డతో తుడిచి ఆరనివ్వండి. నూనె మరక వేడికి కాలి అలాగే ఉండిపోతుంది. పది నిమిషాలు తిరగనిచ్చి, పూర్తిగా చల్లారాక మళ్లీ బిగువు చూడండి, వంద కిలోమీటర్లకు ఇంకోసారి.

కార్బురేటర్ సవరణలో తికమక ఒకటుంది. మిక్చర్ సరిచేసే స్క్రూ ఇంజిన్ వైపు ఉంటే బయటికి తిప్పితే పెట్రోలు పెరుగుతుంది. ఎయిర్ ఫిల్టర్ వైపు ఉంటే లోపలికి తిప్పితే పెరుగుతుంది. ఏ వైపుందో చూసుకుని పావు చుట్టు మించకుండా తిప్పుతూ, ప్రతిసారీ తోలి చూడండి. అప్పటికీ ప్లగ్గు తెల్లగానే వస్తుంటే మెయిన్ జెట్టు ఒక సైజు పెంచండి, రెండు కాదు.

తీసిన కంపెనీ సైలెన్సర్‌ని దొడ్లో గోడకు ఆనించి వదలకండి. విప్పే రోజు అరగంట తోలి లోపలి తడి ఆరిపోయాక తీయండి. తుప్పున్న చోట 120 గరుకు కాగితం, తర్వాత 400 రుద్ది, 600 డిగ్రీల వేడికి ఆగే సిలికాన్ రంగు కొట్టండి. మామూలు నల్ల ఎనామిల్ మొదటిసారి వాడిన రోజే కాలి రాలిపోతుంది. పైన పల్చగా నూనె రాసి, రెండు మూతులకూ గుడ్డ కుక్కండి. కుక్కకపోతే కుమ్మరి పురుగులు లోపల మట్టిగూళ్లు కడతాయి. గోతంలో చుట్టి, నేలకు తగలకుండా అటక మీద పెట్టి, ప్యాకింగ్ సైజు రాసిన చీటీ దానికే కట్టండి. బండి అమ్మే రోజున అదీ బండితోనే పోవాలి.