తడి ఫిల్ము ఆరేదాకా: విశాఖ ఉక్కపోతలో పాటించవలసిన పద్ధతి

నలుపు-తెలుపు ఫిల్మును ఇంట్లోనే డెవలప్ చేసుకునేవారు ఫిక్సర్ (బొమ్మను స్థిరపరిచే ద్రావణం) పారబోయగానే పని ముగిసిందనుకుంటారు గానీ, నెగటివులు ఎక్కువగా పాడయ్యేది ఆ తరువాతి గంటల్లోనే. బొమ్మను మోసే జెలటిన్ పొర నీరు పీల్చుకుని ఉబ్బి, గోరు తగిలినా గీత పడేంత మెత్తగా ఉంటుంది. అలా పడిన గీత ఆరాక శాశ్వతంగా నిలిచిపోతుంది.

విశాఖపట్నంలో మొదటి చిక్కు నీటి వేడితోనే వస్తుంది. డెవలపర్‌ను (బొమ్మను కనబడేలా చేసే ద్రావణాన్ని) మంచుతో 20 డిగ్రీలకు చల్లార్చుకున్నా, మే నెలలో మేడమీది ట్యాంకు నుంచి కుళాయికి వచ్చే నీరు అంతకన్నా ఎంతో వేడిగా ఉంటుంది. ఆ నీటిని నేరుగా పోస్తే జెలటిన్ ఇంకా మెత్తబడుతుంది, కొన్ని ఫిల్ములలో ముడతలు కూడా పడవచ్చు. కనుక కడిగే నీటిని ముందే బకెట్లో పట్టి, గడ్డకట్టించిన నీళ్ల సీసాను అందులో ఉంచి, డెవలపర్‌కూ ఆ నీటికీ వేడిలో తేడా ఐదు డిగ్రీలు మించకుండా చూసుకోవాలి. గట్టిపరిచే మందు లేని ఫిక్సర్ వాడినవారికి ఫిల్ము తయారీ సంస్థ ఇల్ఫర్డ్ సూచించిన పద్ధతి ఇక్కడ ఎంతో అనుకూలం: ఫిల్ము ఉన్న డెవలపింగ్ డబ్బాను నీటితో నింపి ఐదుసార్లు తలకిందులు చేసి పారబోసి, మళ్లీ నింపి పదిసార్లు, మూడోమారు ఇరవైసార్లు చేస్తే చాలు. నీరు తక్కువ పడుతుంది కాబట్టి చల్లార్చిన బకెట్ నీళ్లే సరిపోతాయి.

చివరి ముంపుకు డిస్టిల్డ్ వాటర్ తప్పనిసరి అని నా అభిప్రాయం, ఎందుకంటే కుళాయి నీటిలోని లవణాలే తెల్లని మచ్చలుగా మిగులుతాయి. నీరు ఫిల్ము మీద బొట్లుగా నిలవకుండా జారిపోయేలా చేసే మందు కలపాలి; అది ఫోటో-ఫ్లో 200 అయితే లీటరుకు 5 మిల్లీలీటర్లు కలిపి, రీలు (డబ్బాలో ఫిల్మును చుట్టి ఉంచే చక్రం) నుంచి విప్పిన ఫిల్మును అర నిమిషం ఉంచాలి. మోతాదు పెంచితే జిడ్డు మిగులుతుంది.

తరువాత ఫిల్మును వేళ్లతో గానీ రబ్బరు పట్టీతో గానీ తుడవకూడదు. ఒక్క ఇసుక రేణువు చిక్కుకున్నా ఫిల్ము పొడవునా గీత పడుతుంది. తలుపు మూసిన స్నానాల గదిలో, పైన క్లిప్పు పెట్టి, అడుగున బరువైన క్లిప్పు తగిలించి వేలాడదీయాలి. బీచ్ రోడ్డుకు దగ్గరి ఇళ్లలో సముద్రపు గాలి ఇసుకను, ఉప్పును మోసుకొస్తుంది కాబట్టి కిటికీ తెరవకూడదు, ఫ్యాను కూడా వేయకూడదు. వానాకాలపు తేమలో త్వరగా ఆరదని హెయిర్ డ్రయ్యర్ పట్టడం దుమ్మును చేజేతులా అంటించడమే. రాత్రంతా వదిలేయడమే మేలు. అన్నిటికన్నా ఆలస్యంగా ఆరేది కింది కొస, కనుక దాన్ని చూసిన తరువాతే దించాలి.

మచ్చ మెరిసే వైపు ఉంటే నోటి ఆవిరి పట్టి మెత్తని గుడ్డతో తుడవవచ్చు. ఎమల్షన్ (బొమ్మను మోసే జెలటిన్ పొర) వైపు ఉంటే రుద్దకుండా డిస్టిల్డ్ వాటర్‌లో మళ్లీ నానబెట్టి ఆరబెట్టాలి. పూర్తిగా ఆరిన ఫిల్మును ఒక్కో ముక్కలో ఆరు ఫ్రేములు ఉండేలా కత్తిరించి, పాలీప్రొపిలీన్ కవర్లలో పెట్టి, తేమను పీల్చే సిలికా జెల్ ఉన్న గాలి చొరని డబ్బాలో దాచాలి; ఈ తీరపు తేమలో జెలటిన్‌కు బూజు పట్టడానికి ఎక్కువ కాలం అక్కరలేదు.