ఇంగ్లీషు వ్యాకరణం, 4వ పాఠం: ‘ఎ’ ఎక్కడ, ‘యాన్’ ఎక్కడ?

పోయిన పాఠంలో, లెక్కపెట్టగల నామవాచకం ఏకవచనంలో ఉంటే దాని ముందు ఆర్టికల్ కావాలని చూశాం. ఇప్పుడు అది ‘ఎ’నా, ‘యాన్’నా తేల్చుకుందాం.

‘ఏ, ఈ, ఐ, ఓ, యు అక్షరాల ముందు యాన్’ అని పిల్లలతో బట్టీ పట్టిస్తారు. ఆ సూత్రాన్ని పక్కన పెట్టండి. చూడాల్సింది స్పెల్లింగు కాదు, పలికే శబ్దం. ఆర్టికల్ తర్వాత వెంటనే వచ్చే మాటను తెలుగులో రాసి చూడండి. మొదట అచ్చు ఉంటే యాన్, హల్లు ఉంటే ఎ.

నల్లగొండలో మహాత్మాగాంధీ, మహబూబ్‌నగర్‌లో పాలమూరు యూనివర్సిటీ ఉన్నాయి కదా. ‘యూ’లో ఉన్నది యకారం, అంటే హల్లు. అందుకే ఎ యూనివర్సిటీ. గంటను అవర్ అంటాం, కాబట్టి యాన్ అవర్.

మాట మారితే ఆర్టికల్ కూడా మారుతుంది. యాన్ ఆరెంజ్ సరే, మన బత్తాయి మాత్రం ఎ స్వీట్ ఆరెంజ్.

పొడి అక్షరాల దగ్గర చాలామంది తడబడతారు. యాన్ ఆర్టీసీ బస్, యాన్ ఎమ్మెల్యే, యాన్ ఎస్సై అనాలి. కానీ ఎ జెడ్పీ స్కూల్, ఎ బీసీ హాస్టల్. హెచ్ఎం సారు దగ్గర ఇంకా జాగ్రత్త. మనం హెచ్ అంటాం గానీ ఇంగ్లీషులో ఆ అక్షరం పేరు ఎయిచ్. అందుకని యాన్ హెచ్ఎం.

ఈ పద్ధతి మోసం చేసే చోటు ఒకటుంది. సంవత్సరాన్ని మనం ‘ఇయర్’ అని రాస్తాం, అసలు ఉచ్చారణలో ముందు యకారం ఉంది: ఎ ఇయర్. చెవికి యకారం లేదు: యాన్ ఇయర్. అలాగే ‘ఉమన్’ అని రాసినా పలికేది వుమన్, కాబట్టి ఎ వుమన్. దీనికి తిరగబడ్డ తప్పు కూడా చేస్తాం. ఎగ్‌ని ‘యెగ్’ అని, ఓల్డ్‌ని ‘వోల్డ్’ అని పలుకుతాం. అవి అచ్చులే: యాన్ ఎగ్, యాన్ ఓల్డ్ బస్.

ఇదంతా ఎందుకంటే రెండు అచ్చులు పక్కపక్కన పడితే నోరు తిరగదు. మనం మా, అమ్మ కలిసినప్పుడు మధ్యలో యకారం తెచ్చి మాయమ్మ అంటాం. ఇంగ్లీషులో ఆ పని నకారం చేస్తుంది. నిజానికి యాన్ అనేదే పాత రూపం. హల్లుల ముందు నకారం రాలిపోయి ఎ మిగిలింది.

వీటికి ఆర్టికల్ పెట్టి, పైకి చదవండి: హానెస్ట్ ఫార్మర్, యూరోపియన్ టూరిస్ట్, ఎల్ఐసీ ఏజెంట్, యూజ్డ్ మోటార్, వన్-వే రోడ్, ఎఫ్ఐఆర్. జవాబులు వచ్చే పాఠం మొదట్లో ఇస్తాను. ఆ తర్వాత ‘ద’ మొదలుపెడదాం.