కార్బన్ డాట్స్‌తో నీళ్లలో పాదరసం చూసే ముందు

కార్బన్ డాట్స్ అంటే యూవీ కింద మెరిసే అతి చిన్న కార్బన్ కణాలు. నీళ్లలో పాదరసం ఉంటే వాటి వెలుగు తగ్గుతుంది.

- శాంపిల్‌కి గాజు సీసా తీసుకోండి. మామూలు ప్లాస్టిక్ గోడలు పాదరసాన్ని పట్టేసుకుంటాయి. సీసాను పలచటి నైట్రిక్ యాసిడ్‌తో కడిగి, డిస్టిల్డ్ వాటర్‌తో జాడించాలి.

- నీళ్లు వడకట్టండి. మట్టి రేణువులు వెలుగును చెదరగొడతాయి.

- అసలు తలనొప్పి ఇనుముతోనే. చాలా రకాల కార్బన్ డాట్స్ వెలుగును పాదరసమే కాదు, ఫెర్రిక్ అయాన్లు (నీళ్లలో కరిగిన ఒక రకం ఇనుము) కూడా తగ్గిస్తాయి. ఒకసారి మా బోరు నీళ్లు పోయగానే నీలం వెలుగు బాగా మసకబారింది. పాదరసమే అనుకుని టెన్షన్ పడ్డాను. తీరా చూస్తే కేసింగ్ పైపు తుప్పు! అందుకే ఇనుము ఎంతుందో ముందే విడిగా చూసుకోండి.

- నిల్వ కోసం యాసిడ్ కలిపిన శాంపిల్‌ను నేరుగా డాట్స్‌లో పోయకండి. పీహెచ్ మారితే డాట్స్ వెలుగూ మారుతుంది. అన్నిటికీ ఒకే బఫర్ (పీహెచ్‌ను మారకుండా ఉంచే ద్రావణం), ఒకే నిరీక్షణ సమయం.

- బ్లాంక్ (పోల్చుకోడానికి పాదరసం లేని నీళ్లు) లేకుండా మొదలుపెట్టొద్దు. మీ శాంపిల్ నీళ్లలోనే తెలిసినంత పాదరసం కలిపి, రీడింగ్ కూడా కలిపినంతే పెరుగుతోందో లేదో చూడండి.

- తాగునీటిలో పాదరసానికి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) పరిమితి లీటరుకు 0.001 మిల్లీగ్రాములు. మీ డాట్స్ అంత తక్కువను పట్టగలవా? లేకపోతే ‘పాదరసం లేదు’ అని రాయకండి.

- 365 నానోమీటర్ల యూవీ ల్యాంప్‌ను నేరుగా చూడొద్దు. యూవీ కళ్లద్దాలు, గ్లవ్స్ తప్పనిసరి.

- మిగిలిన పాదరసం ద్రావణం సింకులో పారబోయకండి. మూత ఉన్న డబ్బాలో పోసి, పేరు రాసి పెట్టండి.