సొంతంగా కట్టిన ఆటోజైరోను తొలిసారి ఎగరేసే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

వానలు తగ్గి, కోతలైన పొలాలు ఖాళీగా ఉండే నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు రేడియో కంట్రోల్ మోడళ్లు ఎగరేయడానికి మన ప్రాంతంలో అనువైన కాలం. మామూలు మోడల్ విమానాలతో బాగా చేయి తిరిగినవారు ఆటోజైరో కట్టడానికి పూనుకునేది కూడా ఎక్కువగా ఈ నెలల్లోనే. అలాంటివారు ముందుగా గ్రహించవలసిన సంగతి ఒకటుంది. విమానంతో చేతికి పట్టుబడిన అలవాట్లలో కొన్ని ఇక్కడ నేరుగా ప్రమాదానికి దారితీస్తాయి. చూపుకు హెలికాప్టర్‌లా ఉన్నా, ఆటోజైరో రోటర్‌ను, అంటే పైన తిరిగే బ్లేడ్ల చట్రాన్ని, మోటారు తిప్పదు. ప్రొపెల్లర్ మోడల్‌ను ముందుకు లాగుతుంటే, కొద్దిగా వెనక్కి వాలిన రోటర్ గుండా గాలి కిందినుంచి పైకి దూసుకుపోతూ బ్లేడ్లను తిప్పుతుంది. ఆ తిరుగుడు ఉన్నంతసేపే వాటికి మోడల్‌ను మోసే శక్తి ఉంటుంది కాబట్టి, బల్ల మీద చేసే పనిలోనైనా, మైదానంలోనైనా మన శ్రద్ధంతా రోటర్ వేగం మీదే ఉండాలి.

ఒక మీటరు వ్యాసమున్న రోటర్ నిమిషానికి 600 చుట్లు తిరిగితే బ్లేడు కొస గంటకు సుమారు 113 కిలోమీటర్ల వేగంతో పోతుంటుంది. 30 గ్రాముల బరువుండి, ఆ బరువు ఇరుసు నుంచి 25 సెంటీమీటర్ల దూరంలో కేంద్రీకృతమైన బ్లేడు, ఆ వేగంలో తన బోల్టును సుమారు మూడు కిలోల బలంతో లాగుతుంది. ఈ లెక్క మనసులో ఉంటే బ్లేడ్ల సమతూకాన్ని ఎవరూ తేలికగా తీసుకోరు. రోటర్‌లోని మూడు బ్లేడ్లనూ నగల దుకాణాల్లో వాడేలాంటి చిన్న డిజిటల్ కాటా మీద తూచి బరువులు సమానం చేయడం సగం పని మాత్రమే. ఒక్కో బ్లేడునూ కత్తి అంచు మీద నిలిపి, అది ఎక్కడ సమంగా ఆగుతుందో గుర్తు పెట్టి, మూడింటి గుర్తులూ మొదలు నుంచి ఒకే దూరంలో ఉన్నాయో లేదో చూడాలి. తేడా ఉంటే తేలికైన చోట టేపు ముక్క అంటించి సరిచేయవచ్చు. బ్లేడు వెడల్పులో కూడా బరువు ముందంచు నుంచి నాలుగో వంతు దగ్గరే ఆగాలి. బాల్సా అనే తేలికపాటి కలపతో చేసిన బ్లేడ్ల ముందంచుకు గట్టి కలప పట్టీ అతికించేది ఇందుకే. బరువు వెనక్కి జరిగితే వేగం అందుకున్న తరువాత బ్లేడు మెలితిరుగుతూ కొట్టుకుంటుంది, అప్పుడు పైలట్ చేయగలిగింది ఏమీ ఉండదు.

బ్లేడ్లను హబ్‌కు (రోటర్ మధ్య భాగానికి) కలిపే పలుచని ఫైబర్‌గ్లాస్ పలక గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఎదురుగాలిలోకి దూసుకుపోయే బ్లేడుకు ఎక్కువ గాలి, వెనక్కి వచ్చే బ్లేడుకు తక్కువ గాలి తగులుతాయి. స్పెయిన్ ఇంజనీరు హువాన్ దె లా సియెర్వా తొలి యంత్రాలు ఈ తేడా వల్లనే పక్కకు ఒరిగిపోయాయి. బ్లేడ్లు పైకీ కిందికీ కదిలేలా కీళ్లు అమర్చిన సీ.4 అనే యంత్రం 1923 జనవరిలో మాడ్రిడ్ దగ్గరి హెటాఫెలో ఎగిరింది. మన మోడల్‌లో ఆ కీలు చేసే పనిని ఈ పలక వంగుతూ చేస్తుంది. బలంగా ఉంటుందనే ఉద్దేశంతో దాన్ని మందంగా మార్చడం, విరిగినచోట ఎపాక్సీ జిగురు పూసి మళ్లీ వాడడం రెండూ తప్పు. ఎగరేసే రోజున పలకను వెలుతురుకు ఎదురుగా పట్టుకుని కొద్దిగా వంచి చూడండి. బోల్టు రంధ్రం చుట్టూ వెంట్రుకవాసి తెల్లని గీత కనిపించినా ఆ పలకను పక్కన పెట్టేయాలి. నైలాన్ లాక్‌నట్లను కూడా విప్పిన ప్రతిసారీ కొత్తవి వేసుకోవడం మంచిది.

మోడల్ ప్లాన్‌లో (కట్టడానికి వాడే నమూనా చిత్రంలో) బ్లేడ్ల ముందంచును ఒకటి రెండు డిగ్రీలు కిందికి దించమని ఉంటే, మూడింటికీ అదే కోణం కచ్చితంగా ఉండాలి. ఆ తరువాత బ్యాటరీతో సహా మోడల్‌ను రోటర్ హబ్ దగ్గర పట్టుకుని వేలాడదీసి, ముక్కు ప్లాన్‌లో చెప్పినంత కిందికి వాలుతోందో లేదో చూడాలి. గరిమనాభి (మోడల్ బరువు సమంగా ఆగే చోటు) వెనక్కి జరిగిందంటే మోడల్ గాలిలో ముక్కు ఎత్తేసి అదుపు తప్పుతుంది కాబట్టి, ఇక్కడ సర్దుకుపోవడం కుదరదు. బ్యాటరీని ముందుకు జరపాలి, చాలకపోతే ముక్కులో సీసం వేయాలి. సర్వోల (రేడియో ఆదేశంతో కదిలే చిన్న మోటార్ల) దిశలు సరిచూసేటప్పుడు ప్రొపెల్లర్ తీసివేయడం, సిగ్నల్ పోతే థ్రాటిల్ (మోటారు వేగం) సున్నాకు పడేలా ఫెయిల్‌సేఫ్ పెట్టి పరీక్షించడం, లిపో బ్యాటరీలను ఎండలో నిలిపిన కారులో వదలకపోవడం మీకు తెలిసినవే.

స్థలం విషయంలో 2021 నాటి డ్రోన్ నిబంధనలు సరదాకు ఎగరేసే మోడళ్లకూ వర్తిస్తాయని గుర్తుంచుకోవాలి. గ్రీన్ జోన్‌లో (ముందస్తు అనుమతి అక్కరలేని, పటంలో ఆకుపచ్చగా చూపే ప్రాంతంలో) 400 అడుగుల వరకు ఎగరేయవచ్చు, విమానాశ్రయ సరిహద్దు నుంచి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య అది 200 అడుగులకు పరిమితం. హైదరాబాద్ చుట్టూ శంషాబాద్, బేగంపేట, హకీంపేట, దుండిగల్ విమానాశ్రయాలు, వైమానిక స్థావరాలు ఉన్నాయి కాబట్టి, పొలం ఎంత ఖాళీగా కనిపించినా గగనతల పటంలో ఆ చోటు ఏ రంగులో ఉందో చూడకుండా బయలుదేరవద్దు. ఇక సంక్రాంతి రోజుల్లో ఆటోజైరోను ఇంట్లోనే ఉంచండి. తెగిన మాంజా పండుగ తరువాత కూడా చెట్లకూ తీగలకూ వేలాడుతూనే ఉంటుంది. అది రోటర్ ఇరుసుకు చుట్టుకుంటే క్షణాల్లో తిరుగుడు ఆగిపోతుంది.

మొదటి ఎగురుడులో ఎక్కువ మోడళ్లు పాడయ్యేది నేల మీద పరుగు దశలోనే. థ్రాటిల్ లాక్ చేసి, మోడల్‌ను సరిగ్గా ఎదురుగాలికి నిలిపి, ప్రొపెల్లర్‌కు దూరంగా వెనక నిలబడి రోటర్‌ను చేత్తో తిప్పి వదలాలి. దాని పరిధి నుంచి పక్కకు వచ్చాకే థ్రాటిల్ విడిపించాలి. తరువాత ట్రాన్స్‌మిటర్ మీది స్టిక్‌ను పూర్తిగా వెనక్కి పట్టి, నెమ్మదిగా నడిపిస్తూ రోటర్‌కు గాలి పట్టనివ్వాలి. బ్లేడ్లు విడివిడిగా కంటికి ఆనుతున్నంతసేపు థ్రాటిల్ పెంచకూడదు. తొందరపడి లేపితే మోడల్ వెనక్కి వచ్చే బ్లేడు వైపు ఒరిగి పడుతుంది. పైనుంచి చూసినప్పుడు గడియారం ముల్లు దిశలో తిరిగే రోటరైతే కుడికి, వ్యతిరేక దిశలో తిరిగేదైతే ఎడమకు పడుతుంది. ఒరగడం మొదలైన వెంటనే స్టిక్‌తో సరిదిద్దబోకుండా థ్రాటిల్ మూసేయండి. పొలం చిన్నదై పరుగు చాలకపోతే ఆ రోజుకు ఎగరేయకపోవడమే సరైన నిర్ణయం.

గాలిలోకి లేచాక స్టిక్‌ను గట్టిగా ముందుకు తోయడం అన్నిటికంటే పెద్ద ప్రమాదం. విమానంలో ఎత్తు తగ్గించడానికి చేసే ఆ పని ఇక్కడ రోటర్ మీది భారాన్ని తీసేస్తుంది. భారం పోతే తిరుగుడు మందగిస్తుంది, వేగం తగ్గిన బ్లేడ్లు కిందికి వంగి తోకను నరుకుతాయి. ఎత్తు తగ్గాలంటే థ్రాటిల్ తగ్గించాలి. మలుపులు విశాలంగా తీసుకోవాలి, లూప్ జోలికి వెళ్లకూడదు. రెక్కలు లేని ఈ మోడల్ దూరం పోతే ఎటు తిరిగి ఉందో త్వరగా తెలియదు కాబట్టి, పొట్ట భాగానికీ పక్కలకూ వేర్వేరు ముదురు రంగులు వేసి, దగ్గరలోనే తిప్పుకోవాలి.

దిగేటప్పుడు ఎదురుగాలిలో కొంత థ్రాటిల్ ఉంచి రావాలి. చక్రాలు ఆనిన వెంటనే థ్రాటిల్ మూసి, స్టిక్‌ను వెనక్కి పట్టి పరుగు ఆపాలి. మోడల్ ఆగాక స్టిక్‌ను ముందుకు ఇచ్చి రోటర్‌ను చదును చేయకపోతే, వెనక్కి వాలిన రోటర్‌లోకి గాలి దూరి మోడల్‌ను పడదోస్తుంది. బ్లేడ్లు పూర్తిగా ఆగేదాకా దగ్గరకు పోవద్దు, పిల్లలను పోనివ్వవద్దు. రెండో బ్యాటరీ పెట్టే ముందు పలకనూ బోల్టులనూ మళ్లీ ఒకసారి వెలుతురులో చూడండి.