కొత్త టర్బో వేశాక నీలం పొగా? టర్బో విప్పకండి, ముందు కింది పైపు చూడండి

పెద్ద టర్బో (ఇంజిన్‌లోకి గాలి నొక్కి పంపేది) వేయించిన నెలలోపు బండి పొగ పెడితే, మన దగ్గర అందరి నోటా ఒకటే మాట: "పీసు డిఫెక్టండి, మార్చేయండి". నేను విప్పి చూసిన వాటిలో ఎక్కువ టర్బోలు శుభ్రంగా ఉన్నాయి. తప్పు వాటి చుట్టూ ఉంది. డీజిల్ ఫోర్ బై ఫోర్ మీద చేయి పెట్టినవాళ్లకి మామూలు పనులు తెలుసు కాబట్టి నేరుగా లక్షణాల్లోకి వెళ్తాను.

నల్ల పొగ, పికప్ లేదు, రేస్ చేస్తే స్స్‌మని చప్పుడు

గాలి కారుతోంది. టర్బో నొక్కిన గాలి ఇంటర్‌కూలర్ (ఆ గాలిని చల్లబరిచేది) మీదుగా ఇంజిన్‌కి చేరేలోపే బయటికి పోతోంది. డీజిల్‌కి సరిపడా గాలి లేక నల్ల పొగ వస్తుంది. ఇంత తేలిక విషయాన్నే అందరూ వదిలేస్తారు. బానెట్ ఎత్తి పైనుంచి చూసి "పైపులు బాగానే ఉన్నాయి" అంటారు. చీలిక కింది వైపు ఉంటుంది. ఐడ్లింగ్‌లో మూసుకుని, బూస్ట్ (టర్బో గాలి ఒత్తిడి) పడ్డాకే నోరు తెరుస్తుంది. చేయి కిందికి పోనిచ్చి తడమండి, దుమ్మూ నూనే కలిసిన జిడ్డు తగిలిన చోటే అనుమానించండి. తేలకపోతే టర్బో గాలి పీల్చే నోటికి మూత బిగించి, దానికి ట్యూబు వాల్వు పెట్టి, 15 పీఎస్‌ఐ దాటకుండా గాలి ఎక్కించి సబ్బు నీళ్లు రాయండి. మూతకి ఎదురుగా మాత్రం నిలబడకండి. అంతర్వేది, ఓడలరేవు వైపు తిరిగే బండ్లకి ఉప్పుగాలికి క్లిప్పులు తుప్పు పట్టి పట్టు వదులుతాయి, స్టెయిన్‌లెస్‌వి వేయండి. పైపు అంచుల నూనె తుడిచాకే బిగించండి, లేకపోతే జారి ఊడిపోతాయి.

తక్కువ ఆర్పీఎంలో మాత్రమే నల్ల పొగ వచ్చి, టర్బో అందుకోగానే పోతుంటే అది రిపేరు కాదు, పెద్ద టర్బో స్వభావం. చేలగట్ల మీద, చెరువుల దగ్గర బురదలో నిదానంగా లాగాల్సిన బండికి పెద్ద టర్బో వద్దనే నేను చెప్తాను. టర్బో లోపలి చక్రం తిరగడం మొదలెట్టేలోపే టైరు దిగబడిపోతుంది.

కాసేపు ఐడ్లింగ్‌లో ఉంచి రేస్ చేస్తే నీలం పొగ

ఇక్కడే నేను దెబ్బతిన్నాను. అంతర్వేది వైపు రొయ్యల చెరువులున్న ఒక ఆసామి బండికి టర్బో మార్చాను. రెండు వారాలకి ఫోన్. సఖినేటిపల్లి రేవులో పంటు (బండ్లని ఏరు దాటించే పడవ) కోసం ఇంజిన్ ఆపకుండా ఆగారట, ఎక్కిద్దామని యాక్సిలరేటర్ తొక్కేసరికి వెనకున్న బండ్లు కనపడనంత నీలం పొగ. టర్బోదే తప్పనుకుని ఇంకోటి వేశాను. పది రోజులకి "మళ్లీ మొదలెట్టిందండి" అన్నారు. అప్పుడు గానీ టర్బో కింది ఆయిల్ రిటర్న్ పైపు విప్పలేదు. ఫ్లాంజి లోపలి అంచున వేలిగోరంత సిలికాన్ పేస్టు నాలుకలా వేలాడుతోంది. ప్యాకింగ్‌కి కాస్త గట్టిగా ఉంటుందని నేనే పూశాను. బిగించేటప్పుడు పిండుకుని లోపలికి వచ్చింది. ఆయన రెండో టర్బో డబ్బులు నేనే పెట్టుకున్నాను.

ఎందుకిలా అవుతుందంటే, టర్బో షాఫ్టుకి ఉండేది రబ్బరు సీలు కాదు, పిస్టన్ రింగులాంటి సన్నని రింగు. నిమిషానికి లక్ష చుట్లు దాటే షాఫ్టు దగ్గర రబ్బరు నిలవదు. ఆ రింగు నూనెని పూర్తిగా ఆపలేదు, నూనె ఎప్పటికప్పుడు కిందికి దిగిపోతేనే దాని పని అది చేస్తుంది. పైకి ఆయిల్ పంపు ఒత్తిడితో వచ్చిన నూనె, కిందికి మాత్రం నురుగులా, కేవలం తన బరువుతో దిగాలి. దారిలో చిన్న అడ్డున్నా హౌసింగులో నిండి సైలెన్సర్ వైపు పొర్లుతుంది. ఐడ్లింగ్‌లో అటువైపు ఎదురు ఒత్తిడి తక్కువ కాబట్టి అప్పుడే ఎక్కువ కారుతుంది.

అందుకే టర్బో మీద స్పానర్ పెట్టకముందు డిప్‌స్టిక్ తీయండి. ఆయిల్ మాక్స్ గీత దాటి ఉంటే రిటర్న్ నోరు మునిగి ఉండొచ్చు. తర్వాత రిటర్న్ పైపు విప్పి, గరాటుతో పావు లీటరు ఆయిల్ పోయండి. గటగటా దిగాలి, ఆగి ఆగి దిగితే దొంగ దొరికినట్టే. పైపులో మెలిక ఉండకూడదు, నిలువుకి 35 డిగ్రీలకి మించి వాలకూడదు. పెద్ద టర్బో వేసినప్పుడు పాత పైపుని వంచి సరిపెడతారు, అది ఒప్పుకోకండి. ఆయిల్ ప్యాకింగులకి పేస్టు వద్దు, కొత్త ప్యాకింగ్ పొడిగా వేయండి.

పైపు బాగుంటే బ్రీదర్, అంటే ఇంజిన్ లోపలి ఆవిరి వదిలే గొట్టం, చూడండి. కొత్త ఇన్‌టేక్ పైపు కింద బ్రీదర్ గొట్టం నలిగితే ఇంజిన్ కింది ఛాంబర్‌లో ఒత్తిడి పెరిగి నూనెని కిందికి దిగనివ్వదు. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ మూత వదులు చేసి పెట్టండి, ఎగిరెగిరి పడితే బ్యాక్ కంప్రెషన్ (లోపలి ఒత్తిడి పైకి తన్నడం) ఉన్నట్టు. గొట్టం సరిచేసినా తగ్గకపోతే పని పిస్టన్ రింగులది. దాళ్వా (రెండో పంట) కోతల రోజుల్లో ఎయిర్ ఫిల్టర్ కూడా తీసి చూడండి. ఊక, దుమ్ముతో బిగుసుకుంటే టర్బో గాలి అందక లోపలి నూనెనే లాగుతుంది.

ఇంటర్‌కూలర్‌లో నూనె నిలిచిందని తెలిస్తే దాన్ని దింపి కడగకుండా బండి తీయకండి. ఆ నూనెనే డీజిల్‌లా కాల్చుకుని ఇంజిన్ తనంతట తాను రేసెక్కితే తాళం తీసినా ఆగదు. గేరు బండైతే బ్రేకు గట్టిగా తొక్కి, టాప్ గేరులో క్లచ్ వదిలి ఆపేయాలి.

చెక్ లైటు, బండి లాగదు

బూస్ట్ సెన్సర్ ప్లగ్గు, యాక్చుయేటర్ (బూస్ట్‌ని అదుపు చేసేది) గొట్టం చూడండి. అవి బాగుంటే కొత్త టర్బోకి తగ్గట్టు ట్యూనింగ్ చేయలేదన్నమాట. హౌసింగ్ పగుళ్లు, షాఫ్టు విరగడం లాంటివి అరుదు, వాటితో మొదలెట్టకండి.

అన్నీ సరిచేశాక కూడా కొన్ని కిలోమీటర్లు నీలం పొగ వస్తుంది. అది సైలెన్సర్‌లో మిగిలిన పాత నూనె కాలడం. రావులపాలెం వరకు హైవే మీద ఒకసారి నడిపి రండి, డిప్‌స్టిక్‌లో ఆయిల్ తగ్గకపోతే ఇక దాన్ని ముట్టుకోకండి.