పీజీ (పేయింగ్ గెస్ట్) గదిలో నల్లులా? మందు కొట్టే ముందు మంచం విప్పండి

పొద్దున లేచేసరికి చేతి మీద వరసగా దద్దుర్లు కనిపిస్తే బెంగళూరులో ముందు దోమల్నే తిట్టుకుంటాం. దద్దుర్లను చూసి ఏదీ తేల్చలేం. కొందరికి నల్లి కుట్టినా ఒంటి మీద ఏమీ తేలదు. పురుగన్నా దొరకాలి, దాని మరకన్నా దొరకాలి. పరుపు అంచు కుట్టు వెంబడి టార్చి వేసి చూడండి. నల్లటి చుక్కలుంటే తడిగుడ్డతో రుద్దండి. ఎర్రగా, గోధుమరంగులో సాగితే అది నల్లి వదిలిన రక్తమే. పెద్ద నల్లి 4-5 మి.మీ. ఉంటుంది, ఒళ్ళు పలచగా అణిగి ఉంటుంది. గుడ్లు తెల్లగా, 1 మి.మీ. పొడవున, సందుల్లో అతుక్కుని ఉంటాయి.

పరుపొక్కటే చూసి ఊరుకోవద్దు. మడివాళ, మారతహళ్ళి పీజీల్లో కనిపించే ఇనప మంచమైతే గొట్టాల చివర ప్లాస్టిక్ మూతలు పీకండి, బోల్టులు ఊడదీయండి. అసలు కాపురం అక్కడే. ప్లైవుడ్ మంచమైతే తలవైపు పలక వెనకా, స్క్రూ రంధ్రాల్లోనూ వెతకండి. తర్వాత గోడ మీది స్విచ్‌బోర్డు, సూట్‌కేసు జిప్పు.

బట్టలు, దుప్పట్లు గదిలోనే కవర్లలో వేసి మూతి కట్టండి. విడిగా మోసుకెళితే దారంతా నల్లులు రాలతాయి. 60 డిగ్రీల వేడినీళ్ళలో ఉతకాలి. విప్పిన ఇనప ముక్కల సందుల్లో మరిగే నీళ్ళు పోయండి. ప్లైవుడ్ మీద మాత్రం పోయొద్దు, ఉబ్బిపోతుంది. దానికి స్టీమ్ క్లీనర్ వాడాలి: మూతికి గుడ్డ చుట్టి, అడుగు పొడవుకి 30 సెకన్లు. ఆవిరి విసురుగా కొడితే నల్లులు చావకుండా ఎగిరి అవతల పడతాయి.

పరుపుని మేడ మీద ఎండబెట్టడం బెంగళూరులో దండగ పని. గుడ్లతో సహా చావాలంటే పరుపు లోపల కూడా 50 డిగ్రీలు దాటాలి. ఇక్కడి ఎండకి పైభాగం వేడెక్కితే అవి లోపలికి జారుకుంటాయి. జిప్పున్న కవరు తొడిగి ఏడాది పాటు తీయకుండా ఉంచడం మేలు.

షాపులో దొరికే స్ప్రే కంటికి కనబడినవాటిలో కొన్నిటినే చంపుతుంది. ఆ స్ప్రేల్లో ఎక్కువగా ఉండే పైరెత్రాయిడ్ రకం మందులకి చాలా నల్లులు అలవాటు పడిపోయాయి, మిగిలినవి పక్క గదికి పారిపోతాయి. అందుకే పీజీవాళ్ళు మీ గదికే మందు కొట్టిస్తామంటే ఒప్పుకోకండి, అటూ ఇటూ, పైనా కిందా గదులు కూడా చూడమనండి. ధాన్యంలో పురుగులకి వాడే సెల్ఫాస్ (అల్యూమినియం ఫాస్ఫైడ్) బిళ్ళల జోలికి మాత్రం వెళ్ళొద్దు. గాలిలో తేమ తగిలితే వచ్చే ఫాస్ఫిన్ వాయువు గోడ సందుల్లోంచి పాకి పక్క గదిలో నిద్రపోతున్నవాళ్ళ ప్రాణం తీస్తుంది.

ఒక్క విడతతో పని తీరదు. గుడ్లు 6-10 రోజుల్లో పొదుగుతాయి, పిల్లలు ఎదిగి గుడ్లు పెట్టడానికి నెల పైనే పడుతుంది. ఆ మధ్యలో, 14వ రోజున, మంచం మళ్ళీ మొత్తం విప్పి అదే పని చేయండి. ఇంకో రెండు వారాలకి మూడోసారి. ఈలోగా ఊరికి వెళ్ళాల్సి వస్తే బ్యాగు పరుపు మీద పెట్టి సర్దకండి, ఉతికిన బట్టల్ని బాత్రూంలోనే కొత్త కవర్లో కట్టుకోండి.